నాలుగు వందల ముప్ఫై ఎనిమిదో పుస్తకం

రామకోటి పుస్తకంలో పేజీకి నూట ఎనిమిది గళ్ళు. అడ్డంగా తొమ్మిది, నిలువునా పన్నెండు. పుస్తకానికి రెండు వందల పేజీలు. గడికో నామం చొప్పున పుస్తకం నిండితే ఇరవై ఒక్క వేల ఆరు వందలు. ఈ లెక్కన కోటి పూర్తి కావాలంటే నాలుగు వందల అరవై రెండు పుస్తకాలు నిండాక, నాలుగు వందల అరవై మూడో పుస్తకంలో నూట తొంభై మూడో పేజీ, అరవై నాలుగో గడి దగ్గర ఆగాలి. మొదలుపెట్టిన రోజే ఈ లెక్క వేసి, మొదటి పుస్తకం అట్ట లోపల పెన్సిలుతో రాసుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా ఏ పనీ మొదలుపెట్టలేదు.

మొదలుపెట్టింది మా అమ్మాయి పెళ్ళైన మర్నాడు. ఆమె పెళ్ళి బొల్లారంలో ఒక చర్చిలో జరిగింది. దానికి వారం ముందు బాప్తిస్మం తీసుకుంది. పెళ్ళి కోసం తీసుకుందని మేము బంధువులకు చెప్పుకున్నాం. అది నిజం కాదు. అంతకు రెండేళ్ళ ముందు నుంచే ఆమె బైబిలు చదువుతోందని, మోకరించి ప్రార్థన చేసుకుంటోందని నాకు తెలుసు. ఆ అబ్బాయి పరిచయమైంది తర్వాతే. నమ్మకం ముందు వచ్చింది, పెళ్ళి వెనక వచ్చింది. తేదీలు నాకు గుర్తుండబట్టి ఈ సంగతిలో నన్ను నేను మోసం చేసుకోలేకపోయాను.

మా ఆయన రైల్వేలో టికెట్ కలెక్టరు. పెళ్ళికి ఆయనొక్కరే వెళ్ళి అక్షింతలు వేసినట్టు పూలు చల్లి వచ్చారు. "ఇరవై తొమ్మిదేళ్ళుగా బండి ఎక్కుతున్నా. టికెట్ ఉందా అని అడుగుతాం గానీ, ఏ దేవుడి దగ్గరికి పోతున్నావని అడగం" అన్నారు ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూ. మర్నాడు పొద్దున తలస్నానం చేసి, దీపం పెట్టి, మొదటి పుస్తకంలో మొదటి గడి నింపాను.

మొక్కు ఒక్కటే. అమ్మాయి వెనక్కి రావాలి. మొగుణ్ణి వదిలేసి రమ్మని కాదు. ఆ మాట రాముడికి స్పష్టంగా చెప్పుకున్నాను. కాపురం చల్లగా ఉండాలి, మనసు మాత్రం మన దేవుడి దగ్గరికి రావాలి. మొక్కు బయటికి చెబితే ఫలించదంటారు కనుక ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. అడిగినవాళ్ళకు ఊరికే, పుణ్యానికి అన్నాను.

రోజుకు పది పేజీలు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పొద్దున నాలుగు, సాయంత్రం ఆరు. ముట్టు రోజుల్లో రాయలేదు. మా ఆయన పోయినప్పుడు మైల రోజుల్లో రాయలేదు. జ్వరం వస్తే రాయలేదు. తప్పిన ప్రతి రోజునూ డైరీలో వేసుకుని, తర్వాత రోజుకు పన్నెండు, పదమూడు పేజీలు రాసి పూడ్చుకున్నాను. బోయిగూడలో మేమున్న ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. దాని మీద పసుపుగుడ్డలో చుట్టిన పుస్తకం, రెండు నీలం పెన్నులు. నిండిన పుస్తకాలు అటక మీద ఇనప్పెట్టెల్లో ఉన్నాయి. అన్నీ కలిపి ఒక్కసారే భద్రాచలం చేర్చాలని.

కింది వాటాలో ఉండే ఆవిడ మూడు తరాలుగా ఈ వీధిలోనే ఉన్నవాళ్ళ పిల్ల. నాకంటే పదేళ్ళు చిన్నది. మల్లెపూలు ఇవ్వడానికి పైకొచ్చి బల్ల పక్కన నిలబడేది. "ఏందక్కా, గిన్ని పుస్తకాలు రాస్తున్నవు. రాములవారు సుత గిన్ని చదువడు" అనేది. నేను చేత్తోనే ఆగమని సైగ చేసి, వరస పూర్తయ్యాక జవాబు చెప్పేదాన్ని.

అమ్మాయి నెలకు రెండు శనివారాలు వచ్చేది. ఆమెకు నేను వేరే గ్లాసు పెట్టలేదు, వేరే కంచం పెట్టలేదు. అంత దూరం పోలేదని నాకు నేనే మార్కులు వేసుకున్నాను. కానీ దేవుడి గది గుమ్మం ఆమె దాటకూడదని నేను అనకుండానే ఆమెకు తెలిసింది. నేను ప్రసాదం ఇస్తే మొదటిసారి చెయ్యి మూసుకుని, "వద్దమ్మా, ఏమనుకోకు" అంది. తర్వాత నేను ఇవ్వలేదు. క్రిస్మస్‌కు ఆమె కేకు తెచ్చేది. గుడ్డు ఉంటుందని నేను ముట్టలేదు. మరుసటి ఏడాది గుడ్డు లేకుండా తనే చేసి తెచ్చింది. అదీ ముట్టలేదు. ఈసారి కారణం చెప్పలేదు. ఆమె అడగలేదు. వెళ్ళేటప్పుడు కేకు కింది వాటాలో ఇచ్చి వెళ్ళింది.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. దానికీ నా మొక్కుకూ సంబంధం ఉందేమో అని కొన్నాళ్ళు భయపడ్డాను. భయపడ్డానే గానీ రాయడం ఆపలేదు.

ఏడాదిన్నర కిందట, వానాకాలంలో, బట్టలుతికే చోట జారి కుడి మణికట్టు విరిగింది. అప్పటికి నేను నాలుగు వందల ముప్ఫై ఎనిమిదో పుస్తకంలో ముప్ఫై ఒకటో పేజీ పూర్తి చేశాను. ఆ సంగతి ఎడమ చేత్తో, వంకర టింకరగా, డైరీలో రాసుకున్నాకే ఆసుపత్రికి బయల్దేరాను. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు.

అమ్మాయి ఆ ఆరు వారాలూ వచ్చింది. తను పనిచేసే బడికి సెలవు పెట్టి, సోమవారం నుంచి శనివారం వరకు, రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు బొల్లారం నుంచి బస్సు దిగి వచ్చేది. ఆదివారం మాత్రం రాదు, చర్చి ఉంటుంది. వంట చేసేది. అన్నం కలిపి ముద్దలు చేసి కంచంలో పెట్టేది. పూలు, వత్తులు దేవుడి గది గుమ్మం బయట పళ్ళెంలో సర్దిపెట్టి పక్కకు జరిగేది. నేను లోపలికి వెళ్ళి ఎడమ చేత్తో దీపం వెలిగించుకునేదాన్ని. ఆ తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తల దువ్వి జడ వేసేది.

"ఎంత పల్చబడిందమ్మా నీ జుట్టు. చిన్నప్పుడు నీ జడ పట్టుకుని మెట్లెక్కేదాన్ని."

"జడ కాదు, కొంగు."

"జడే. నువ్వు అరిచేదానివి."

"నాకు గుర్తులేదు."

"నీకు గుర్తులేనిది ఒకటుందన్నమాట" అని నవ్వేది.

నొప్పికి మాత్రలు వేసుకోవడం వల్ల మధ్యాహ్నం భోజనం కాగానే నిద్ర ముంచుకొచ్చేది. రెండింటికి పడుకుంటే నాలుగింటికి లేచేదాన్ని. లేచేసరికి ఆమె టీ పెట్టి ఉంచేది. ఆ రెండు గంటలూ ఆమె ఏం చేస్తుందని నేను అడగలేదు. తన పుస్తకం చదువుకుంటోందనుకున్నాను. పసుపుగుడ్డ వైపు నేను చూడనే లేదు. రాయలేని పుస్తకాన్ని చూడటం కష్టంగా ఉండేది.

కట్టు విప్పిన రోజు ఆటోలో తనే తీసుకెళ్ళి తీసుకొచ్చింది. పదకొండున్నరకు ఇంటికి చేరాం. నేను చేతులు కడుక్కుని, దీపం పెట్టి, బల్ల దగ్గర కూర్చుని గుడ్డ విప్పాను. ముప్ఫై రెండో పేజీ ఖాళీగా ఉండాలి. నిండి ఉంది. తర్వాతి పేజీ నిండి ఉంది. తిప్పుకుంటూ పోతే నూట మూడో పేజీ దాకా నిండి ఉంది.

"ఇదెవరు రాశారు?" అన్నాను.

ఆమె వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చేతిలో కాయతోనే వచ్చి నిలబడింది.

"నేనేనమ్మా. నువ్వు పడుకున్నప్పుడు రోజుకు రెండు పేజీలు. నీ లెక్క వెనకబడిపోతుందని."

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదు. ముప్ఫై ఆరు రోజులు, డెబ్భై రెండు పేజీలు. చూసుకో, ఒక్క గడి వదల్లేదు. లెక్కల టీచర్ కూతుర్ని." ఆమె ముఖంలో, మంచి మార్కులొచ్చిన కాగితం చూపించే పిల్లల సంతోషం ఉంది. అది నేను చూశాను. చూడలేదని ఇప్పుడు అనలేను.

"ఇది మొక్కు. ఇందులో వేరే చెయ్యి పడకూడదు."

"వేరే చెయ్యి ఏంటమ్మా? రాసింది రాముడి పేరే కదా."

"పేరు రాస్తే చాలదు. నమ్మి రాయాలి. నువ్వు నమ్మి రాశావా?"

అవునని ఒక్క మాట అంటే నేను ఊరుకునేదాన్నేమో. ఆమె కాసేపు చేతిలోని చిక్కుడుకాయ వైపు చూసింది.

"లేదు. నమ్మానని చెబితే నీ దేవుడి ముందూ అబద్ధమే, నా దేవుడి ముందూ అబద్ధమే."

"మరెందుకు రాసినట్టు?"

"నువ్వు నమ్ముతావు కదా."

ఉద్యోగం మానేసి ఇన్నేళ్ళైనా నా సొరుగులో ఎర్ర పెన్ను ఉంటుంది. తీశాను. ముప్ఫై రెండో పేజీ పైమూల నుంచి కిందిమూల దాకా ఒక గీత గీశాను. పేజీ తిప్పాను. ఇంకో గీత. మణికట్టు సలుపుతోంది, గీత వణుకుతోంది, అయినా ఆపలేదు. డెబ్భై రెండు పేజీలు, డెబ్భై రెండు గీతలు. చివర, లెక్కలోకి రాదు అని రాసి పొడి సంతకం పెట్టాను. కట్టు విప్పిన చేత్తో నేను మొట్టమొదట రాసింది అదే.

ఆమె పదో గీత దాకా గుమ్మంలో నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. కూర తాలింపు చప్పుడు వినిపించింది. పని ముగించుకుని, చేతిసంచి భుజాన వేసుకుని వచ్చింది.

"కూర మీద మూత పెట్టానమ్మా. చేతికి నూనె రాయడం మర్చిపోకు."

అంతే. మూడు వారాలు రాలేదు. తర్వాత మామూలుగా, నెలకు రెండు శనివారాలు వచ్చేది. ఒకసారి దువ్వెన తీసుకుని నా వెనక నిలబడితే, "ఇప్పుడు నా జడ నేనే వేసుకోగలను" అన్నాను. దువ్వెన బల్ల మీద పెట్టేసింది.

ఆ పుస్తకాన్ని కింది వాటా ఆవిడ చూసింది. పూలు ఇచ్చి, ఊరికే పేజీలు తిప్పి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గిదేందక్కా. రాములవారి పేరు మీదనే గీత గొట్టినవా?"

అప్పటిదాకా ఆ మాట నాకు తట్టలేదు. నేను కొట్టేసింది మా అమ్మాయి రాతను అనుకున్నాను. ఏడు వేల ఏడు వందల డెబ్భై ఆరు నామాల మీద గీత గీశానని అప్పుడు తెలిసింది. మర్నాడే కోవెలకు వెళ్ళి పూజారి గారికి చెప్పుకున్నాను. కొట్టేసిన పుస్తకం సమర్పణకు పనికిరాదని, నదిలో కలపమని, దోషం పోవడానికి పదకొండు రోజులు పదకొండేసి ప్రదక్షిణలు చేయమని చెప్పారు. నూట ఇరవై ఒకటీ చేశాను. ఒక్కటి తక్కువ కాలేదు. రాముణ్ణి క్షమించమని అడిగాను. మా అమ్మాయిని అడగాలని నాకు తోచనే లేదు. పుస్తకాన్ని మాత్రం నదికి పంపలేదు. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

గీతలు గీసిన ఎనిమిది నెలలకు ఆమె పోయింది. బడిలో పాఠం చెబుతూ తలనొప్పి అని కూర్చుంది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రికి నేను వెళ్ళేసరికి ముఖం మీద దుప్పటి కప్పి ఉంది. నలభై తొమ్మిదేళ్ళు.

బొల్లారంలో, వాళ్ళ పద్ధతిలో, మట్టిలో పెట్టారు. అందరితో పాటు నేనూ మూడు గుప్పిళ్ళ మట్టి వేశాను. ఇంటికొచ్చి మా పురోహితుడికి ఫోన్ చేసి, మైల ఎన్ని రోజులని అడిగాను. "పెళ్ళైన ఆడపిల్ల అయితే తల్లికి మూడు రోజులమ్మా. మతం మారినవాళ్ళకు... అసలు లెక్కలోకి రాదు" అన్నారు. నేను రాసిన మాటే నాకు తిరిగి వినిపించింది. ఫోన్ పెట్టేసి, పదమూడు రోజులు పెన్ను ముట్టలేదు. శాస్త్రంలో లేని లెక్క నేను పాటించింది అదొక్కసారే. ఆ రోజులను తర్వాత పూడ్చుకోలేదు కూడా.

నలభయ్యో రోజున వాళ్ళింట్లో జ్ఞాపక ప్రార్థన పెట్టారు. వెళ్ళాను. అందరూ వెళ్ళాక అల్లుడు నా దగ్గర కూర్చున్నాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గ్లాసులో నీళ్ళు ఇచ్చి, కింద చూస్తూ మొదలుపెట్టాడు.

"అత్తమ్మా, మీకో మాట చెప్పాలె. మీ చెయ్యి ఇరిగినప్పుడు మీ పుస్తకంల రాసింది గదా. ఆ సంగతి తనే పోయి చర్చిల చెప్పింది. దాచిపెట్టుడు తనకు రాదు. ఆర్నెల్లు పిల్లలకు సండే స్కూల్ చెప్పొద్దన్నరు. మళ్ళ షురూ జేసి రెండు నెలలు సుత కాలే."

నేను గ్లాసు బల్ల మీద పెట్టాను. "వాళ్ళకు ఏమని చెప్పింది?"

"'మా అమ్మ చెయ్యి విరిగింది, నా చెయ్యి ఇచ్చాను' అన్నది. గంతే. తప్పయిందని చెప్పమన్నరు. చెప్పలే."

"నేను ఆ కోటి దేనికి రాస్తున్నానో ఆమెకు తెలుసా?"

అతను తలెత్తి నా వైపు చూశాడు. ఇంత చిన్న విషయం నాకు తెలియదా అన్నట్టు చూశాడు.

"ఎరుకే అత్తమ్మా. పెండ్లయిన మొదటి ఏడే ఎరుక. నేనే అడిగిన, నిన్ను ఎనక్కు గుంజుకునే రాతను నువ్వే రాస్తున్నవేందని. నవ్వింది. 'నేను వెనక్కి రానని అమ్మకు తెలుసు. అయినా రాస్తోంది. రాయడం ఆగిపోతే నన్ను వదిలేసుకున్నట్టు అనిపిస్తుంది అమ్మకు. అలా కానివ్వను' అన్నది."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికొచ్చాను. భక్తుల కథలు నేను చాలా చదివాను, హరికథలు విన్నాను. వాటిలో దేవుడు ఏదో ఒక వేషంలో ఇంటికొచ్చి, వంట చేసి, నీళ్ళు మోసి వెళ్ళిపోతాడు. ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టరు. చదివేటప్పుడు వాళ్ళ మీద విసుగొచ్చేది. ఇంత తేటగా కనిపిస్తుంటే తెలియదా వీళ్ళకు అనుకునేదాన్ని. మా అమ్మాయిలో రాముడున్నాడని ఇప్పుడు రాస్తే ఆమె ఒప్పుకోదు. అది అబద్ధమంటుంది. ఆమె నమ్మినది ఆమెకే ఉండాలి. నేను చెప్పగలిగింది ఇంతే. అన్నేళ్ళు ఏది కావాలని రాశానో అది ఆరు వారాలు నా ఇంట్లో, నా బల్ల దగ్గర, నా పెన్ను పట్టుకుని కూర్చుంది. నేను పక్క గదిలో నిద్రపోయాను.

ఆ సాయంత్రం ముప్ఫై ఎనిమిదో పుస్తకం తీశాను. నాలుగు వందలు ఎప్పుడో వదిలేసి, దాన్ని ముప్ఫై ఎనిమిదోది అనే అనుకుంటాను. ముప్ఫై రెండో పేజీ నుంచి గడి గడీ చూశాను. అంతకు ముందు చూడలేదు. బడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళూ చదవకుండా ఏ కాగితం మీదా గీత పెట్టలేదు. చదవకుండా కొట్టేసింది ఈ డెబ్భై రెండు పేజీలే. మొదటి పేజీల్లో ఆమె నా చేతిరాతలా రాయాలని చూసింది, శ్రీ తోకను నాలాగే కిందికి లాగింది. పదో పేజీ నుంచి తన రాతే వచ్చేసింది, గుండ్రంగా, కొంచెం ఎడమకు వాలుతూ. మధ్యలో ఒక చోట టీ చుక్క పడితే ఒత్తి తుడిచిన మచ్చ ఉంది. ఏడు వేల ఏడు వందల డెబ్భై ఆరు. ఒక్క గడి ఖాళీ లేదు. ఒక్క అక్షరం తప్పు లేదు. ఎర్ర గీతను చెరిపే మందు ఏదైనా ఉందేమోనని కింది వాటా ఆవిడను అడిగాను. "కాయితం చినుగుతదక్కా" అంది. ఆ రోజు ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాత కూడా రాశాను. దేనికని అడగకండి. మొక్కు తీరే దారి లేదని తెలిసే రాశాను. పది రోజుల కిందట, మంగళవారం పొద్దున, నాలుగు వందల అరవై మూడో పుస్తకంలో నూట తొంభై మూడో పేజీ అరవై నాలుగో గడికి వచ్చాను. నేను కొట్టేసినవి పోను చూస్తే ఇంకా డెబ్భై రెండు పేజీలు రాయాలి. కోవెల లెక్క అదే. మొన్నటిదాకా నా లెక్క కూడా అదే.

పెన్ను మూత పెట్టేశాను. అట్ట లోపల పూర్ణం అని రాసి తేదీ వేశాను. ముప్ఫై ఎనిమిదో పుస్తకాన్ని నదిలో కలపను, అది లేకుండా మిగతావాటిని భద్రాచలానికి పంపను. పెట్టెలు అటక మీదే ఉంటాయి. కోటి పూర్తయిందని ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి బొల్లారంలో ఉంది.

చివరి పేజీలో నలభై నాలుగు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. పొద్దున లేవగానే, అలవాటు కొద్దీ, ఆ బల్ల దగ్గరే కూర్చుంటున్నాను. రాసే పని లేదు కనుక అక్కడే తల దువ్వుకుంటున్నాను.